కొబ్బరి వాసన వచ్చే శత్రువు

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మృతిలో హైదరాబాద్ పాత నగరంలో చేసిన ఉపన్యాసం. అచ్చు కోసం అక్కడక్కడా సవరించినది.)



మొదలుపెట్టే ముందు ఒక మనవి. తలుపు పక్కన బల్ల మీద మూడు గాజు పళ్లేలు పెట్టాను. మూతలకు టేపు చుట్టి ఉంది. దయచేసి పిల్లల్ని దాన్ని విప్పనివ్వకండి. వాటి సంగతి చివర్లో చెబుతాను.

సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. ఒంట్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి, ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు హెట్రజాన్, పిల్లల రక్త క్యాన్సర్ మీద ప్రయోగించిన అమినోప్టెరిన్... ఈ చిట్టా మీలో చాలామందికి కంఠతా వచ్చు, అందుకే మళ్లీ చదవను. దానిలో సాధారణంగా చేరని రెండు చిన్న సంగతులు చెబుతాను. నన్ను ఈ అంశం దగ్గరికి నడిపించినవి అవే.

ఒకటి. ఆయన పేరుతో ఒక బూజు ఉంది. 1953లో హెసెల్టైన్ అనే శిలీంధ్ర శాస్త్రవేత్త మురుగునీటిని శుద్ధి చేసే చోట రాళ్లకు పట్టిన జిగురులో ఒక కొత్త శిలీంధ్రాన్ని గుర్తించి, దానికి సుబ్బరోమైసిస్ స్ప్లెండెన్స్ అని పేరు పెట్టాడు. విగ్రహం కన్నా, వీధి పేరు కన్నా నాకు ఇదే ఎక్కువ నచ్చింది. మురుగులో బతికి నీళ్లను బాగుచేసే ప్రాణికి మన భీమవరం మనిషి పేరు!

రెండోది. సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లే మందుల కంపెనీలో పరిశోధనకు పెద్దగా ఉన్న రోజుల్లో బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధుడు అక్కడ చేరాడు. విశ్వవిద్యాలయంలో రిటైరయ్యాక, డెబ్బై దాటాక చేరాడు. ఊరూరి మట్టి తెప్పించి అందులోని సూక్ష్మజీవుల్ని వడపోసి, మిసోరీ పొలం మట్టిలోంచి ఆరియోమైసిన్‌ను పట్టుకున్నాడు. అది 1948లో లోకానికి తెలిసింది. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావుగారు పోయారు. డగ్గర్ యవ్వనంలో చేసిన పని మాత్రం మట్టి మీద కాదు, పుట్టగొడుగుల మీద. లోపలి కండ ముక్క తీసి దాని నుంచి స్వచ్ఛమైన విత్తనం, అంటే స్పాన్, ఎలా తయారుచేయాలో 1905లో అమెరికా వ్యవసాయ శాఖ బులెటిన్‌లో రాసింది ఆయనే. ఒక సూక్ష్మజీవి ఇంకో సూక్ష్మజీవిని చంపడానికి చేసుకున్న పదార్థాన్ని మనం మందు అంటున్నాం. పుట్టగొడుగులు పెంచేవాళ్లకు ఆ పదార్థమే గుండెపోటు. డగ్గర్ ఈ రెండు గదుల్లోనూ పనిచేసిన మనిషి.

ఈ సాయంత్రం నేను వాదించేది ఒక్కటే విషయం. పుట్టగొడుగు మీద బూజులు చేసే రసాయన దాడి ఎంత ఘాటైనదైనా, పుట్టగొడుగు ఓడిపోయేది ముఖ్యంగా వేళ తప్పడం వల్ల. మీరు ఒప్పుకోవాలని లేదు.

1

లాల్ దర్వాజా దగ్గర ఒక గల్లీలో ఒకావిడ ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పెంచుతుంది. పేరు చెప్పను. పాత ఇల్లు, సున్నపు గోడలు, మూరెడు మందం. వెనక గదికి కిటికీ లేదు. మనిషి పడుకోవడానికి పనికిరాని గది పుట్టగొడుగులకు మహల్. చలికాలమంతా చల్లగా, చీకటిగా, తేమగా ఉంటుంది. పైకప్పు దూలానికి తాళ్లు కట్టి పాలిథీన్ సంచులు వేలాడదీసింది. సంచుల్లో ముక్కలుగా కోసిన వరిగడ్డి, వరసల మధ్య జొన్నల మీద పెంచిన స్పాన్.

రెండు కాపులు బాగా వచ్చాయి. మూడోసారి నాకు ఫోన్ చేసింది. "సార్, గడ్డి పచ్చగైతాంది. మళ్ల మొలకెత్తుతదా ఏంది?" అంది.

వెళ్లి చూశాను. పన్నెండు సంచుల్లో ఏడింటికి పచ్చ. మొలక పచ్చ కాదు, పాచి పచ్చ. సంచి మీద వేలితో తడితే లోపల పొడి రాలింది. మిగతా అయిదింట్లో తెల్లటి పోగులు పాలమీగడలా అల్లుకున్నాయి. ఆ ఏడింట్లోనూ జొన్న గింజ ఉన్న చోటల్లా గింజ చుట్టూ పచ్చ గుండ్రం. బూజు ముందు గింజనే పట్టుకుంది. గడ్డి గట్టి తిండి, అరగడానికి రోజులు పడుతుంది. ఉడికించిన జొన్న మెత్తటి పిండి, ఎవడు ముందొస్తే వాడిది.

"గడ్డి ఎంతసేపు నానబెట్టావమ్మా?" అన్నాను. మనవైపు చాలామంది వాడే కొలత ఇది: వంద లీటర్ల నీళ్లకు ఏడున్నర గ్రాముల కార్బెండజిమ్, 125 మిల్లీలీటర్ల ఫార్మలిన్, 16 నుంచి 18 గంటలు. ఆవిడ కొలతలన్నీ సరిగ్గానే వేసింది. గంటలే తగ్గించింది. "పొద్దుగాల్ల నల్లా వచ్చే టైమైంది సార్. డ్రమ్ము ఖాళీ చెయ్యకుంటె ఇంట్ల నీళ్లు ఏడ పట్టుకోవాలె?"

ఇంకో సంగతి కూడా బయటపడింది. మేడ మీద కుండీల్లో టమాటా మొక్కలకు ఎవరో తెగుళ్ల మందుగా ఇచ్చిన ట్రైకోడెర్మా అనే బూజు పొడి చల్లి, అదే చేత్తో కిందికొచ్చి సంచులు నింపింది. ఆ పొడే కారణమని నేను ప్రమాణం చేసి చెప్పలేను. వరిగడ్డిలో ట్రైకోడెర్మా ఎలాగూ ఉంటుంది, గాల్లోనూ ఉంటుంది. కానీ ఆ పచ్చ ట్రైకోడెర్మాదే. సంచి మూతి విప్పితే సన్నగా కొబ్బరి వాసన వచ్చింది.

2

బూజుకు నోరు లేదు. మనం తిన్నాక అరిగించుకుంటాం. అది అరిగించాక తింటుంది. జీర్ణరసాల్ని ఒంట్లోంచి బయటికి వదిలి, ఎదురుగా ఉన్నదాన్ని కరిగించి, ఆ ద్రవాన్ని పీల్చుకుంటుంది. కాబట్టి శిలీంధ్రానికి చెయ్యి, నోరు, కడుపు, కత్తి అన్నీ రసాయనాలే. పుట్టగొడుగు కూడా శిలీంధ్రమే. ఆయుధాలు రెండువైపులా ఒకే కొలిమిలోవి.

ట్రైకోడెర్మా దాడి చేసే తీరు చూడండి. ఎదుటి శిలీంధ్రాన్ని తాకకముందే అది కొద్దిపాటి కైటినేజ్ ఎంజైముల్ని ముందుకు పంపుతుంది. పుట్టగొడుగు పోగుల గోడల్లో కైటిన్ ఉంటుంది, రొయ్య పెంకులో ఉండేదే. ఆ ఎంజైములు గోడను కాస్త గీకుతాయి, రాలిన తునకలు కరిగి వెనక్కి చేరతాయి. ఆ రుచి తగలగానే 'అదిగో, అటుపక్క తిండి ఉంది' అని దానికి తెలుస్తుంది. అప్పుడు పోగుల్ని అటు తిప్పి, ఎదుటివాడి పోగు చుట్టూ తీగలా చుట్టుకుని, అసలు సరుకు బయటికి తీస్తుంది.

ఆ సరుకు రెండు రకాలు కలిసి పనిచేస్తుంది. కైటినేజ్, గ్లూకనేజ్ ఎంజైములు గోడ కూలుస్తాయి. పెప్టైబాల్ అనే చిన్న ప్రోటీన్ ముక్కలు లోపలి పొరకు చిల్లులు పెడతాయి, పైగా కూలిన గోడను మళ్లీ కట్టుకోనివ్వవు. ఇల్లు పడగొట్టే మనుషులు ఒకవైపు, తాపీమేస్త్రీ చేతులు కట్టేసేవాళ్లు ఇంకోవైపు. ఈ రెండూ విడివిడిగా చేసే నష్టం కన్నా కలిసి చేసేది చాలా ఎక్కువ. పాత నగరంలో పాత గోడలు ఎలా పడతాయో చూసిన మీకు దీన్ని ఇంతకన్నా విడమర్చనక్కర్లేదు.

కొబ్బరి వాసన సంగతి. దాని పేరు సిక్స్ పెంటైల్ పైరోన్. గాల్లో తేలిపోయే పదార్థం. తిండి పదార్థాలకు కొబ్బరి వాసన పట్టించడానికి పరిశ్రమలోనూ వాడతారు. ఎదుటి శిలీంధ్రం పోగుల్ని ముట్టుకోకుండానే వాటి ఎదుగుదలను మందగింపజేస్తుంది. ప్రయోగశాలలో కొత్తగా చేరిన పిల్లలు ట్రైకోడెర్మా పళ్లెం మూత తీసి, ఎవరో లడ్డూ తెచ్చారనుకుంటారు. నేనూ అనుకున్నాను, చాలా ఏళ్ల కిందట.

బటన్ పుట్టగొడుగుల లోకంలో ఈ కథకు ఇంకో పెద్ద విలన్ ఉన్నాడు. 1985 ప్రాంతంలో ఉత్తర ఐర్లండ్ ఫారాల్లో పచ్చ బూజు విరుచుకుపడింది. ఆ తర్వాత అమెరికాలో, కెనడాలో. చాలాకాలం దాన్ని ట్రైకోడెర్మా హార్జియానమ్‌లో ఒక రకమే అనుకుని, టీహెచ్2, టీహెచ్4 అని నంబర్లతో పిలిచారు. 2002లో అది వేరే జాతి అని తేల్చి ట్రైకోడెర్మా అగ్రెస్సివమ్ అన్నారు. పేరులోనే దౌర్జన్యం ఉంది. 2003లో కెనడా పరిశోధకులు ఇది కంపోస్టులో వదిలే విషాల్లో ఒకదాన్ని పట్టుకున్నారు. ఐసోకౌమరిన్ కుటుంబానికి చెందిన చిన్న అణువు, మెలీన్ అంటారు. తెల్ల బటన్ పోగులు దానికి లొంగిపోయాయి, గోధుమరంగు రకం కొంత తట్టుకుంది.

దీని అసలు కుట్ర మాత్రం విషం కన్నా వేషంలో ఉంది. మొదటి రోజుల్లో దాని పోగులూ తెల్లగానే ఉంటాయి. పుట్టగొడుగు పోగుల్లాగే. రైతు సంచి చూసి, బాగా పాకుతోందని సంతోషిస్తాడు. పచ్చ రంగు వచ్చేది సిద్ధబీజాలు పండాకే. పచ్చ కనిపించిందంటే అప్పటికి యుద్ధం అయిపోయింది. మనం చూసేది విజయోత్సవం.

3

ఇప్పుడు నా వాదానికి అసలు ఆధారం. ట్రైకోడెర్మాను పక్కన పెడదాం. బటన్ పుట్టగొడుగులకు లెకానిసిలియమ్ ఫంగికోలా అనే పరాన్నజీవి తెచ్చే తెగులు ఒకటుంది. పెంపకందార్లు డ్రై బబుల్ అంటారు. దీని బీజాలకు జిగురు ఉంటుంది, ఈగల కాళ్లకు, పనివాళ్ల చేతులకు అంటుకుని, నీళ్లు చిలకరించినప్పుడు చింది, గదంతా తిరుగుతాయి.

ఒకే బూజు, ఒకే రసాయనాలు, ఒకే పుట్టగొడుగు. వచ్చిన వేళను బట్టి మూడు వేర్వేరు రోగాలు. గుండుసూది తలంత మొగ్గ ఉన్నప్పుడే పట్టుకుంటే, అది కాడా గొడుగూ విడివడకుండా, ఉల్లిపాయంత ముద్దగా ఉబ్బిపోతుంది. చూసిన కొత్తవాడు దాన్ని పుట్టగొడుగనే అనుకోడు. కాడ ఏర్పడ్డాక పట్టుకుంటే కాడ వంకర తిరిగి, పొట్టు లేచి చీలుతుంది. ఇంక గొడుగు విచ్చుకునే వేళకు పట్టుకుంటే, నాలుగు గోధుమరంగు మచ్చలు. అంతే. మచ్చలున్నవాటిని బజారులో తీసుకోరు, అది వేరే నష్టం. కానీ జీవశాస్త్రం ప్రకారం చూస్తే, అదే విషం ఒక వేళకు ప్రళయం, ఇంకో వేళకు మొటిమ.

ఇంకా లోతుకు వెళ్తే మరీ విచిత్రం. ఈ బూజు మట్టిలో పాకే పుట్టగొడుగు పోగుల జోలికి పెద్దగా పోదు. మొగ్గ కట్టేదాకా కాచుకుంటుంది. పారిస్ కింద ఉన్న రాతి గనుల్లో పందొమ్మిదో శతాబ్దంలో పెంపకందార్లను ఏడిపించిన మైకోగోన్ అనే బూజు కూడా ఇంతే. పుట్టగొడుగును తడి ముద్దగా మార్చి, ఒంటి మీద తేనెరంగు చుక్కలు కార్పించేది. అదీ మొగ్గ కోసమే కాచుకుంటుంది.

పుట్టగొడుగు మాత్రం చేతులు ముడుచుకు కూర్చోదు. ముక్కలు కోసినప్పుడు వచ్చే ఆ మట్టి వాసన తెలుసు కదా. అందులో ముఖ్యమైనది ఆక్టెనాల్ అనే ఎనిమిది కర్బనాల ఆల్కహాల్. నెదర్లాండ్స్ పరిశోధకులు 2013లో చూపించింది ఏమంటే, పుట్టగొడుగు పోగులు వదిలే ఆ పదార్థమే లెకానిసిలియమ్ బీజాల్ని మొలకెత్తకుండా ఆపుతుందని. మనం వంటింట్లో రుచి అనుకునేది మట్టిలో కాపలా.

ఇక్కడ నా ఊహ ఒకటి చెబుతాను, ఊహగానే తీసుకోండి. ఆ ఆక్టెనాల్ ఎక్కువైతే పుట్టగొడుగు తనే మొగ్గ వేయదు. అందుకే పెంపకందారు పోగులు పరుచుకున్నాక గదిలోకి చల్లటి కొత్త గాలి పెట్టి ఆ వాసనను బయటికి పంపుతాడు, అప్పుడు మొగ్గలు వస్తాయి. అంటే మొగ్గకు తలుపు తీసిన రోజే కాపలావాడిని కూడా బయటికి పంపినట్టు. బూజుకు మొగ్గ దొరికేదీ ఆ రోజుల్లోనే. పరాన్నజీవి తన గడియారాన్ని ఈ తలుపుకే కట్టుకుందేమోనని నా అనుమానం.

4

"ఇన్ని చెబుతున్నారు, మందు కొట్టొచ్చు కదా?" అని ముందు వరుసలో పెద్దాయన సైగ చేస్తున్నారు. కొట్టొచ్చు. కొడుతున్నారు కూడా. చిక్కు ఎక్కడంటే, దొంగా ఇంటాయనా దాయాదులు. పంటకు తెగులు వస్తే మొక్క వేరు, బూజు వేరు. బూజును చంపే మందు మొక్కను వదిలేస్తుంది. పుట్టగొడుగుల గదిలో రెండూ బూజులే. ఇద్దరి గోడలోనూ కైటినే. కార్బెండజిమ్ లాంటివి కణవిభజనకు కావాల్సిన ట్యుబులిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని ఆపుతాయి. ట్రైకోడెర్మా అక్కడ మెత్తన, పుట్టగొడుగు కాస్త గట్టి. ఆ చిన్న తేడానే మనం ఇన్నాళ్లు అమ్ముకు తిన్నాం. ట్యుబులిన్‌లో ఒక్క చోట మార్పు వస్తే చాలు, బూజు ఆ మందును లెక్కచేయదు. అమెరికాలో స్పాన్‌కు ఇదే కుటుంబపు మందు పూసి కొన్నాళ్లు నెగ్గారు, తర్వాత తట్టుకునే రకాలు వచ్చాయి.

రెండో చిక్కు మన ఊరిదే: ఇదే ట్రైకోడెర్మాను ఇక్కడ పంటలకు మందుగా పంచుతారు. ఇక్కణ్నుంచి బహదూర్‌పురా, జూ పార్కు, ఆరాంఘర్ మీదుగా వెళ్తే రాజేంద్రనగర్. వ్యవసాయ విశ్వవిద్యాలయం అక్కడే. నూనెగింజల పరిశోధన సంస్థ అక్కడే. ఆ సంస్థ ట్రైకోడెర్మా హార్జియానమ్‌లో ఒక మంచి రకాన్ని ఎంపిక చేసి ఆముదం లాంటి పంటల తెగుళ్ల మీదికి పంపింది. దాని పేరు టీహెచ్4డీ. అమెరికా, కెనడా ఫారాల్ని తిన్న టీహెచ్4కూ దీనికీ పేరులో పోలికే గానీ చుట్టరికం లేదు. అయినా ఆ రెండు పేర్లు పక్కపక్కన చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

ఈ మందు కథ 1932లో మొదలైంది. రిచర్డ్ వైండ్లింగ్ అనే ఆయన ట్రైకోడెర్మా మట్టిలోని ఇతర బూజుల్ని పట్టి తింటుందని చూపించాడు. తర్వాత అది వదిలే విషాన్నీ పట్టుకున్నాడు. గ్లయోటాక్సిన్ అన్న పేరు అప్పటిది. వేరుకుళ్లుతో వేరుశనగ పోగొట్టుకున్న రైతుకు అది దేవుడిచ్చిన వరం. పశువుల ఎరువులో కలిపి, గోనెసంచి కప్పి, తడిపి, పచ్చ బూజు పట్టిందని చూసి సంతోషించి పొలంలో చల్లుతాడు. లాల్ దర్వాజా ఆవిడ అదే పచ్చ చూసి తల పట్టుకుంది. ఒకరింట పెళ్లి, పక్కింట చావు, బాజా మాత్రం ఒకటే.

మేడ మీద కుండీలూ కింద సంచులూ రెండూ కావాలనుకునేవాళ్లు ఈ నగరంలో పెరుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను. పొద్దున పుట్టగొడుగుల గదిలో పని చేసుకుని, ఆ తర్వాతే కుండీల దగ్గరికి వెళ్లండి. తిరగేసి చేయకండి. బట్టలు మార్చకుండా అసలే చేయకండి.

5

వేళ సంగతి మనకన్నా ముందు తెలిసిన పెంపకందార్లు ఉన్నారు. మన భాషలోనే వాళ్ల చిరునామా ఉంది. పుట్టగొడుగు అంటాం. పుట్ట మీద మొలిచే గొడుగు. తొలకరి పడ్డాక పుట్టల మీద వచ్చేవి టెర్మిటోమైసిస్ పుట్టగొడుగులు. వాటిని పెంచేది చెదలు. పుట్ట లోపల చెదలు నమిలిన ఆకుతో, పుల్లతో తేనెపట్టు లాంటి గూళ్లు కట్టి, వాటిమీద ఆ శిలీంధ్రాన్ని సాగుచేస్తాయి. ఈ వ్యవసాయానికి సుమారు మూడు కోట్ల ఏళ్ల వయసు. మన పూర్వీకులు పేరు పెట్టినప్పుడు అది పంట అని తెలిసి పెట్టారని అనను. పేరు మాత్రం సరిగ్గా పొలం గట్టు మీద నిలబడింది.

ఆ పుట్టలోనూ ఓ దొంగ ఉంటుంది, సూడోజైలేరియా అనే బూజు. పుట్ట బతికున్నంతకాలం అది కంటికి కనిపించదు. చెదల్ని తీసేసి గూడును ప్రయోగశాలలో బల్ల మీద పెట్టండి, కొన్ని రోజుల్లోనే నల్లటి పుల్లల్లాంటి కాడలు పైకి లేస్తాయి. అంటే బీజం ఎప్పుడూ అక్కడే ఉంది, చెదలు దానికి వేళ ఇవ్వలేదు. కొత్త మేత ఒకవైపు పరుస్తూ, పండిన పాతదాన్ని ఇంకోవైపు తినేస్తూ పోతాయి. పాచిపోయిన మేత అంటూ మిగలనివ్వవు. ఇలాగే శిలీంధ్రాన్ని సాగుచేసే చీమల్లో, చెదల్లో రసాయన కాపలా కూడా ఉందని శాస్త్రవేత్తలు చాలా రాశారు. ఆకుకోత చీమల తోటలో ఎస్కొవోప్సిస్ అనే బూజు చీమల్నే మత్తెక్కించే పదార్థాన్ని వదులుతుందని కూడా 2018లో చూపించారు. అవి ఆసక్తికరమైనవే. నా కళ్లు మాత్రం ఆ శుభ్రత మీద, ఆ వేగం మీద నిలుస్తాయి.

లాల్ దర్వాజా ఆవిడ ఇప్పుడు రెండో డ్రమ్ము కొంది. నానబెట్టే గంటలు తగ్గించడం మానేసింది. గడ్డి పిండితే చేతికి తేమ తగలాలి గానీ నీళ్లు కారకూడదు, అది కూడా నేర్చుకుంది. స్పాన్ కాస్త ఎక్కువ వేస్తోంది, గడ్డిని పుట్టగొడుగు పోగులు తొందరగా ఆక్రమించడానికి. మరీ ఎక్కువ వేస్తే జొన్నలు బూజుకే విందు, సంచి లోపల వేడి కూడా పెరుగుతుంది. ఆ కొలత ఆవిడ చేతికి నాకన్నా బాగా తెలుసు. పచ్చ చుక్క కనిపించిన సంచిని గదిలో విప్పదు. తడిగుడ్డ కప్పి, ఇంకో కవర్లో పెట్టి, గల్లీ చివరిదాకా మోసుకెళ్తుంది. నెలకో సంచి పోతూనే ఉంది.

ఇక ఆ మూడు పళ్లేలు. మూడింట్లోనూ ఒకవైపు ముత్యపు చిప్ప పుట్టగొడుగు పోగులు, ఇంకోవైపు ట్రైకోడెర్మా. ట్రైకోడెర్మాకు ఒక పళ్లెం నిండడానికి మూడు నాలుగు రోజులు చాలు, పుట్టగొడుగుకు వారం పైనే పడుతుంది. మొదటి పళ్లెంలో ఇద్దర్నీ ఒకే రోజు పెట్టాను. రెండోదాంట్లో పుట్టగొడుగుకు మూడు రోజులు ముందు అవకాశం ఇచ్చాను. మూడోదాంట్లో ఆరు రోజులు. మొదటిదాంట్లో తెలుపు ఎక్కడుందో వెతుక్కోవాలి. రెండోది సగం సగం. మూడోదాంట్లో మధ్యలో గోధుమరంగు గీత ఒకటి కనిపిస్తుంది, పుట్టగొడుగు పోగులు ఎదురొచ్చినవాడికి అడ్డంగా కట్టుకున్నది. దానికి ఇవతల తెలుపు, అవతల పచ్చ.

నిన్న రాత్రి ఈ మూడో పళ్లెం చూసుకుని, ఉపన్యాసానికి మంచి ముగింపు దొరికిందనుకుని పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే గీతకు ఇవతల, తెల్లటి పోగుల మధ్య, సూదిమొనంత పచ్చ చుక్క ఒకటుంది. భూతద్దం బల్ల మీదే పెట్టాను. ఒక్కొక్కరే రండి.